గాలి మోసిన భారం

చక్రం పుట్టి వేల సంవత్సరాలు గడిచినా, అది నేలను తాకే అంచు మాత్రం చిరకాలం కఠినంగానే ఉండిపోయింది. కొయ్యచక్రానికి ఇనుప పట్టా బిగించడం నేర్చిన మానవుడు ఆ పట్టా రాళ్ళపై చేసే చప్పుడునూ, ప్రతి గతుకులోనూ వెన్నెముక దాకా పాకే కుదుపునూ ప్రయాణంలో విడదీయరాని బాధలుగానే స్వీకరించాడు. మన పల్లెల్లో ఇనుప పట్టాల బండి పోయి టైరు బండి వచ్చినప్పుడు ఎడ్ల మెడలపై ఎంత బరువు తగ్గిందో ఆనాటి రైతులకు తెలుసు. బరువును కర్ర మోయలేదు, ఇనుము మోయలేదు. కంటికి కనిపించని గాలి మోసింది. గాలిచేత బరువు మోయించే విద్యను లోకానికి అలవాటు చేసినవాడు యంత్రశాస్త్రవేత్త కాడు. గుర్రాలకూ పశువులకూ వైద్యం చేసి జీవించిన జాన్ బాయ్డ్ డన్‌లప్.

డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో, డ్రెగ్‌హార్న్ అనే గ్రామంలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండకుండానే పుట్టిన బిడ్డ కావడంతో అతని ఆరోగ్యం సున్నితమైనదని ఇంట్లో అందరూ భావించేవారు. ఆ మాట వింటూ పెరిగిన డన్‌లప్ జీవితాంతం తాను దుర్బలుణ్ణన్న నమ్మకంతోనే మెలిగాడు. కాయకష్టానికి దూరంగా ఉన్నాడు, ఆహార విహారాలలో మితం పాటించాడు. విచిత్రమేమంటే ఎనభై ఏళ్ళు దాటేవరకూ అతణ్ణి చెప్పుకోదగిన జబ్బేదీ తాకలేదు. పొలం పనులకు తగడని తలచిన ఆ బాలుణ్ణి చదువు వైపు మళ్ళించారు. అతడు ఎడిన్‌బరో నగరంలో పశువైద్యం అభ్యసించి, ఇరవై ఏళ్ళయినా నిండకముందే పట్టం పొందాడు.

1867లో డన్‌లప్ సముద్రం దాటి ఐర్లండు చేరాడు. మొదట డౌన్‌ప్యాట్రిక్ అనే పట్టణంలో సోదరునితో కలిసి పశువైద్యశాల నడిపి, తరువాత బెల్‌ఫాస్ట్ నగరంలో స్థిరపడ్డాడు. మే వీధిలోని అతని వైద్యశాల కొన్ని సంవత్సరాలలోనే ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరు తెచ్చుకొంది. ఆ కాలంలో నగరం నడిచేదే గుర్రాలమీద. సరుకుల బండ్లు, అద్దె బండ్లు, ట్రాములు అన్నీ వాటివే. రాళ్ళు పరచిన వీధుల్లో బరువులు లాగి లాగి డెక్కలు చెడి, కీళ్ళు వాచి వచ్చే గుర్రాలను ప్రతిదినం పరీక్షించే వైద్యునికి దారి కాఠిన్యం పుస్తకాలవల్ల తెలియవలసిన విషయం కాదు. పైగా తన వృత్తికి కావలసిన చిన్న చిన్న రబ్బరు సామగ్రిని స్వయంగా తయారు చేసుకొనే నేర్పు అతనికి ఉండేది. ఈ రెండు అనుభవాలూ ఒకచోట కలవడానికి ఇంట్లోని పసివాడు కారణమయ్యాడు.

డన్‌లప్ కుమారుడు జానీకి అప్పుడు తొమ్మిది పది సంవత్సరాల వయస్సు. వానికొక మూడు చక్రాల సైకిలు ఉండేది. దాని చక్రాలకు తొడిగినవి ఘనమైన రబ్బరు పట్టీలు. బెల్‌ఫాస్ట్ వీధులలోని గ్రానైట్ రాళ్ళపైన, ట్రాము పట్టాల మీద ఆ బండి తొక్కడం పిల్లవానికి పెద్ద శ్రమ. బండి సుఖంగా సాగే ఉపాయం లేదా అన్నది ఇంట్లో తలెత్తిన చిన్న ప్రశ్న. పెద్దలు సాధారణంగా నవ్వి ఊరుకొనే ప్రశ్న అది. డన్‌లప్ ఊరుకోలేదు.

1887వ సంవత్సరం చివరి నెలలలో అతడు ఒక గుండ్రని చెక్కబిళ్ళను తీసుకొని, పలుచని రబ్బరు రేకును గొట్టంగా అంటించి దాని అంచు చుట్టూ అమర్చాడు. ఆ గొట్టం కదలకుండా లినెన్ గుడ్డను దానిపై కప్పి చెక్కకు మేకులతో బిగించాడు. లినెన్ నేతకు బెల్‌ఫాస్ట్ పేరుమోసిన నగరం కాబట్టి గుడ్డకు కొదవ లేదు. ఫుట్‌బాల్‌కు గాలి కొట్టే పంపుతో గొట్టాన్ని నింపి, గాలి వెనుకకు రాకుండా మూతి బిగించాడు. తరువాత పెరటిలో ఒక పరీక్ష పెట్టాడు. ఘనమైన రబ్బరు తొడిగిన సైకిలు చక్రాన్ని ఒకమారు, తాను చేసిన చక్రాన్ని మరొకమారు నేలమీద దొర్లించాడు. మొదటిది పెరటి చివరిదాకా పోలేక మధ్యలోనే తూలి పడిపోయింది. రెండవది పెరడంతా దాటి, గేటు స్తంభాన్ని ఢీకొని వెనుకకు ఎగిరింది.

ఈ సన్నివేశాన్ని కొంచెం ఆగి చూడాలి. డన్‌లప్ మొదట కోరుకొన్నది కుమారునికి కుదుపు తగ్గడమే. పెరటిలో అతనికి కనిపించినది మాత్రం మరొకటి. మెత్తని చక్రం గట్టి చక్రం కంటే ఎక్కువ దూరం పోయింది. ఇది సామాన్య బుద్ధికి విరుద్ధంగా తోస్తుంది. మెత్తని ఇసుకలో నడవడం కష్టం కాబట్టి మెత్తని చక్రం కూడా బరువుగానే సాగుతుందని ఎవరైనా అనుకొంటారు. అసలు రహస్యం గాలి స్వభావంలో ఉంది. గట్టి చక్రానికి అడ్డంగా చిన్న గులకరాయి వచ్చినా ఆ రాయిని ఎక్కడానికి బండి మొత్తం పైకి లేవాలి. లేచిన ప్రతిసారీ ముందుకు పోవలసిన శక్తి కొంత వృథా అవుతుంది. గాలి నిండిన చక్రం రాయిని తనలోకి ఇముడ్చుకొంటుంది. బండి లేవదు, రాయి దగ్గర మాత్రం టైరు లోపలికి నొక్కుకుపోయి, దాటిన వెంటనే మునుపటి రూపానికి వస్తుంది. నొక్కిన గాలి తాను పుచ్చుకొన్న శక్తిలో అధికభాగాన్ని తిరిగి ఇచ్చివేస్తుంది. ఇసుకకు ఆ గుణం లేదు.

సైకిలు వెనుక చక్రాలకు రెండు గాలి టైర్లు తొడిగి ఇవ్వగా జానీ ఉత్సాహంగా తొక్కివచ్చాడు. డన్‌లప్ ఆ తరువాత పెద్ద సైకిళ్ళకు తగిన టైర్లు చేసి పరీక్షించి, 1888 డిసెంబరు 7న పేటెంటు హక్కు పొందాడు. అతడు తయారు చేసిన తొలినాటి టైరు ఒకటి ఎడిన్‌బరోలోని జాతీయ వస్తుసంగ్రహాలయంలో నేటికీ భద్రంగా ఉంది.

లోకం ఒక కొత్త వస్తువును మొదట నవ్వుతోనే పలకరిస్తుంది. లావుగా ఉబ్బిన ఆ టైర్లను చూసి బెల్‌ఫాస్ట్ సైకిలు స్వారీదారులు పరిహాసమాడారు. ఆ నవ్వుకు సమాధానం చెప్పినవాడు విలియం హ్యూమ్ అనే యువకుడు. అతడు స్థానిక సైకిలు సంఘానికి నాయకుడే కాని, ఆ ఊళ్ళో అందరికంటే వేగవంతుడన్న పేరేమీ లేదు. 1889 మే 18న బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కళాశాల మైదానంలో జరిగిన పోటీలలో హ్యూమ్ గాలి టైర్ల సైకిలెక్కి, తాను పాల్గొన్న నాలుగు పందాలూ గెలిచాడు. కొద్దికాలానికే ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలోనూ ఒక్కటి తప్ప అన్ని పందాలూ అతనివే అయ్యాయి. మరునాటినుండి నవ్వినవారే ఆ టైర్ల కోసం వెతకసాగారు.

ఓడినవారిలో హార్వీ డ్యూక్రో అనే వ్యాపారి కుమారులు ఉన్నారు. ఐర్లండు సైకిలు సంఘానికి అధ్యక్షుడైన డ్యూక్రో కుమారుల ఓటమికి చిన్నబుచ్చుకోక, ఆ ఓటమికి కారణమైన వస్తువుపై దృష్టి నిలిపాడు. అతనితో చేయి కలిపిన డన్‌లప్ తన పేటెంటు హక్కులను కొద్దిపాటి ధనానికి, కొన్ని వాటాలకు అప్పగించాడు. 1889లో డబ్లిన్ నగరంలో న్యూమాటిక్ టైర్ అండ్ బూత్స్ సైకిల్ ఏజెన్సీ అనే సంస్థ వెలసింది. డన్‌లప్ అప్పటికి యాభైకి చేరువైనవాడు. వైద్యునిగా మంచి పేరు, స్థిరమైన రాబడి ఉన్న మనిషి వాటిని వదలి వ్యాపారంలో అడుగుపెట్టడం చిన్న సాహసం కాదు.

అటువంటి సమయంలో పిడుగు పడింది. 1890లో పేటెంటు కార్యాలయం నుండి వచ్చిన సమాచారం ప్రకారం డన్‌లప్ పేటెంటు చెల్లదు. గాలి నింపిన చక్రాన్ని అతనికంటే నలభై మూడేళ్ళ ముందే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండువాడు నమోదు చేసి ఉన్నాడు. థామ్సన్‌కు అప్పుడు ఇరవై మూడేళ్ళు. అతడు రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టాలను తోలు కవచంలో పెట్టి గుర్రపు బండ్ల చక్రాలకు బిగించి, 1847లో లండన్‌లోని రీజెంట్ పార్కులో ప్రదర్శించాడు. ఒక జత చక్రాలు పన్నెండు వందల మైళ్ళు నడిచి కూడా చెక్కుచెదరలేదు. కాని ఆనాటికి రోడ్డుమీద సైకిలు లేదు, మోటారు లేదు. గుర్రపు బండి యజమానికి అంత ఖరీదైన సుఖం అవసరమనిపించలేదు. థామ్సన్ ఆ ఆలోచనను పక్కన పెట్టి ఘనమైన రబ్బరు పట్టాలతో నడిచే ఆవిరి బండ్లను నిర్మించాడు. వాటిలో కొన్ని 1870 దశకంలో మన దేశపు రహదారులపైకి కూడా వచ్చాయి. 1873లో అతడు మరణించే నాటికి గాలి చక్రం సంగతి లోకం మరచిపోయింది.

థామ్సన్ ప్రయత్నం డన్‌లప్‌కు తెలియదు. తెలియకుండా చేసినంత మాత్రాన చట్టం దృష్టిలో రెండవవాడు మొదటివాడు కాజాలడు, కాకూడదు కూడా. న్యాయంగా చూస్తే గాలి చక్రాన్ని మొదట ఊహించిన గౌరవం థామ్సన్‌దే. అయితే ఊహను నిత్యజీవితంలోకి దించి, సామాన్యుని వాహనానికి అమర్చి, వీధిలో నడిపించి చూపినవాడు డన్‌లప్. మన పాఠ్యగ్రంథాలు చాలావరకు మొదటివాని పేరును విస్మరించడం మాత్రం సమర్థనీయం కాదు.

పేటెంటు పోయినా సంస్థ కూలిపోలేదు. అందుకు డ్యూక్రో వ్యాపారదక్షత ఒక కారణం. డన్‌లప్ టైరులో పెద్ద లోపం ఒకటి ఉండేది. దానిని చక్రానికి జిగురుతో అంటించేవారు. పంక్చర్ అయితే అంటించినదంతా ఊడదీసి, అతికి, తిరిగి అంటించడానికి గంటలు పట్టేది. 1890లోనే చార్లెస్ వెల్ష్ అనే ఆంగ్లేయుడు అంచులలో తీగ పొదిగిన టైరును, విలియం బార్ట్‌లెట్ అనే అమెరికన్ చక్రపు అంచులో ఇమిడే మరొక టైరును వేరువేరుగా కనిపెట్టారు. రెండింటినీ సులభంగా తీసి తొడగవచ్చు. డ్యూక్రో ఆ రెండు హక్కులనూ సంస్థకోసం సంపాదించాడు. ఈనాటి కారు టైరు అంచును తడిమి చూస్తే లోపల గట్టిగా తగిలే తీగ చుట్ట వెల్ష్ ఊహకు వారసురాలే.

డన్‌లప్‌కు ఆ వ్యాపార వాతావరణం సరిపడలేదు. 1895లో సంస్థనుండి తప్పుకొన్నాడు. ఆ మరుసటి సంవత్సరమే టెరా హూలీ అనే ధనవంతుడు ఆ సంస్థను ముప్పై లక్షల పౌండ్లకు కొని, యాభై లక్షల పౌండ్లకు ప్రజలకు వాటాలుగా అమ్మాడు. కొత్త సంస్థకు డన్‌లప్ పేరే పెట్టారు. ఎవరి పేరు ఆ సంస్థ తలపై వెలిగిందో, ఆ మనిషికి ఆ మహాధనంలో చెప్పుకోదగిన భాగం దక్కలేదు.

సైకిలు కోసం పుట్టిన టైరు మోటారుకారుకు చేరడం మరొక కథ. 1895 జూన్‌లో ఫ్రాన్సులో పారిస్ నుండి బోర్డో వెళ్ళి తిరిగి పారిస్ చేరే పందెం జరిగింది. దూరం సుమారు 1,180 కిలోమీటర్లు. మిషెలిన్ సోదరులు తమ కారుకు గాలి టైర్లు తొడిగి ఆ పందెంలో దిగారు. దారి పొడవునా టైర్లు పంక్చర్ అవుతూనే ఉన్నాయి. మొదట గమ్యం చేరిన లెవసోర్ ఘనమైన రబ్బరు చక్రాలతోనే, నలభై ఎనిమిది గంటలకు పైగా విశ్రాంతి లేకుండా కారు నడిపాడు. మిషెలిన్ కారుకు బహుమతి రాలేదు. అయినా అది ఎలాగో పారిస్ చేరింది. కొన్నేళ్ళలోనే గాలి టైరు లేని పందెపుకారు కనిపించకుండా పోయింది.

టైరు కారుకు వచ్చిననాటినుండి ఒక ప్రశ్న ముందుకు వచ్చింది. గాలి ఎంత ఉండాలి? డన్‌లప్ నాటి సైకిలువాడు బొటనవేలితో నొక్కి చూసి తృప్తిపడేవాడు. క్షణానికి ముప్పై, నలభై మీటర్లు పరుగెత్తే కారుకు బొటనవేలు చాలదు. స్పోర్ట్స్ కారు విషయంలో ఈ లెక్క మరింత సున్నితమైనది.

ఉదాహరణకు 1,400 కిలోల బరువున్న కారును తీసుకొందాం. నాలుగు చక్రాలు సమంగా పంచుకొంటే ఒక్కొక్కదానిపై 350 కిలోలు పడతాయి. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2.4 కిలోలు, అంటే గాలి కొట్టే దుకాణాలలో చెప్పే లెక్కలో ముప్పై నాలుగు. స్థూలంగా చూస్తే ఆ బరువును మోయడానికి టైరు నేలను తాకవలసిన వైశాల్యం 145 చదరపు సెంటీమీటర్లు. అది వేళ్ళతో సహా చాచిన ఒక చేతిముద్ర అంత. అంత పెద్ద కారు మలుపు తిరగడం, వేగం పుంజుకోవడం, ఆగడం అన్నీ నాలుగు చేతిముద్రలంత చోటులోనే జరుగుతాయి. ఆ ముద్రల పరిమాణాన్నీ ఆకారాన్నీ నిర్ణయించడంలో లోపలి గాలిదే ప్రధానపాత్ర.

గాలి తగ్గితే ముద్ర పెద్దదవుతుంది కాబట్టి పట్టు పెరుగుతుందని కొందరు భ్రమిస్తారు. నిజానికి అప్పుడు బరువంతా టైరు రెండు అంచులపై పడుతుంది. మధ్యభాగం నేలను సరిగా తాకదు. పక్క గోడలు ప్రతి భ్రమణంలోనూ వంగి లేస్తూ వేడెక్కుతాయి. అధిక వేగంలో ఆ వేడి టైరు పొరలను విడదీసి, పగిలిపోయేదాకా తీసుకొనిపోతుంది. స్టీరింగు తిప్పినప్పుడు కారు క్షణకాలం ఆలస్యంగా స్పందిస్తుంది. వానలో అటువంటి టైరు నీటిని నొక్కి తొలగించలేక, తక్కువ వేగంలోనే నీటిపై తేలడం మొదలుపెడుతుంది. గాలి మితిమీరితే దీనికి విరుద్ధం. ముద్ర చిన్నదై, మధ్యభాగమే అరిగి, ప్రతి గతుకులోనూ చక్రం ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి నేలపై పట్టు ఉండదు. డన్‌లప్ పెరటిలో ఓడిపోయిన గట్టి చక్రానికి దగ్గరగా జరిగినట్లే.

నాలుగు చక్రాలకూ ఒకే ఒత్తిడి సరిపోతుందనడం కూడా పొరపాటు. ఇంజను వెనుకభాగాన ఉండే పోర్షే 911 వంటి కారులో వెనుక చక్రాలపై బరువు ఎక్కువ కాబట్టి వాటిలో గాలి ముందు చక్రాలకంటే ఎక్కువ ఉండాలని తయారీదారులే నిర్దేశిస్తారు. ఆ అంకెలు సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర ఉండే పట్టికలో కనిపిస్తాయి. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ అంకెను చూసి అంతవరకూ గాలి నింపేవారు ఉన్నారు. అది టైరు తట్టుకోగల హద్దే గాని, కారుకు కావలసిన కొలత కాదు. కొలవడం కూడా టైరు చల్లగా ఉన్నప్పుడే జరగాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఒత్తిడి ఇంచుమించు ఒకటిన్నర పౌండు పెరుగుతుంది. పరుగెత్తి వచ్చిన టైరు చూపే ఎక్కువ అంకెను చూసి గాలి తీసివేస్తే, చల్లారిన తరువాత అది ఉండవలసినదానికంటే తగ్గిపోతుంది. పందెపు మైదానాలలో నిపుణులు ఈ పెరుగుదలను ముందే లెక్కించి, పరుగు మధ్యలో సరైన ఒత్తిడి వచ్చేటట్లు కొంత తక్కువతో ఆరంభిస్తారు. మామూలు రహదారికి ఆ పద్ధతి తగదు. అది ఆ టైరు, ఆ మైదానం, ఆనాటి ఎండ తెలిసినవారి పని. డన్‌లప్ పేరున్న టైర్లు ఇటువంటి పోటీలలో చాలా విజయాలు చూశాయి. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పట్టణంలో ఇరవై నాలుగు గంటల పందెం గెలిచిన జాగ్వార్ కారుకు తొడిగినవి అవే. భారతదేశంలో ఆ సంస్థ కర్మాగారం 1936లో పశ్చిమ బెంగాలులోని సాహాగంజ్ వద్ద వెలసింది.

వీటిలో వేటినీ డన్‌లప్ చూడలేదు. సంస్థను వీడిన తరువాత అతడు డబ్లిన్ నగరంలో వస్త్రవ్యాపార సంస్థ ఒకదానితో సంబంధం పెట్టుకొని ప్రశాంతంగా కాలం గడిపాడు. పొడవైన తెల్లని గడ్డంతో గంభీరంగా కనిపించే ఆ వృద్ధుని ముఖం టైర్ల ప్రకటనల ద్వారా ఎందరికో పరిచితమైంది. గాలి టైరు పుట్టి పెరిగిన చరిత్రను అతడు గ్రంథరూపంలో రాసి పెట్టుకొన్నాడు; అది అతని మరణానంతరమే వెలుగు చూసింది. 1921 అక్టోబరులో, ఎనభై ఒకటవ ఏట, చలిగాలికి జలుబు చేసి మంచం పట్టాడు. బాల్యంనుండి అందరూ భయపడిన జబ్బు అన్నేళ్ళ తరువాత వచ్చింది. అక్టోబరు 23న డబ్లిన్‌లోని బాల్స్‌బ్రిడ్జ్‌లో తన ఇంట కన్నుమూశాడు. డీన్స్ గ్రేంజ్ శ్మశానవాటికలో అతణ్ణి ఖననం చేశారు. ఆనాటికి ఆ నగరపు వీధులలో గుర్రపు బండ్లు తగ్గుముఖం పట్టాయి. గాలి టైర్లపై కార్లు తిరుగుతున్నాయి.